మాన్యువల్ విత్ క్లచ్ గారికి ఒక మనవి

మహారాజశ్రీ మాన్యువల్ విత్ క్లచ్ గారికి,

ఉభయకుశలోపరి. ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ రేసింగ్ వీడియో గేమ్‌లో, గేర్లు ఎలా మార్చాలో ఎంచుకునే డిఫికల్టీ మెనూలో తమరి కొలువు చూస్తూనే ఉన్నాం. అడుగున ఆటోమేటిక్, గేర్లు అదే మారుస్తుంది; దానికి క్రెడిట్లలో, అంటే ఆటలోని డబ్బులో, బోనస్ సున్నా. పైన మాన్యువల్, గేర్లు మనమే మార్చుకోవాలి; దానికి కొంత. అన్నిటికన్నా పైన, గేరుతో పాటు క్లచ్ కూడా నొక్కించే తమరు; తమరిని నమ్ముకున్నవాడికి ఇంకాస్త. కష్టపడినవాడికి కూలి ఎక్కువ అంటారు, కాదనను.

ఆ కష్టం ఎవరిదో మాత్రం చూడండి. కుడి చూపుడు వేలు కంట్రోలర్‌లోని ఆర్‌టీ బటన్ మీద యాక్సిలరేటర్ తొక్కుతుంది. బ్రేకూ క్లచ్చూ రెండూ ఎడమచేతి నెత్తినే. ఇక కుడి బొటనవేలు: బీ నొక్కితే పై గేరు, ఎక్స్ నొక్కితే కింది గేరు, ఏ నొక్కితే హ్యాండ్‌బ్రేక్. మలుపులో నాలుగు నుంచి రెండుకి దిగబోయి ఎక్స్ బదులు ఏ తగిలిందా, కారు గిర్రున తిరిగి వచ్చిన దారికేసి చూస్తుంది. వెంటనే వై మీదకి ఉరికి రివైండ్ చేసేదీ, అంటే ఆటని కాస్త వెనక్కి తిప్పేదీ, ఆ బొటనవేలే.

ఇంతా చేస్తే ఇందులో నిజమెంత? బుగాటీ చిరాన్ ఉంది. ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ బండి. క్లచ్ పని బండే చూసుకుంటుంది, దాంట్లో క్లచ్ పెడలే లేదు. కోట్లు పోసి కొన్నవాడు ఎడమకాలితో ఎంత తడిమినా దొరకదు. తమరి రాజ్యంలో ఆ లేని క్లచ్ నొక్కితేనే గేరు త్వరగా పడుతుంది. అదీ యాక్సిలరేటర్ మీంచి వేలు తీయకుండానే! 1989లో ఫెరారీ స్టీరింగ్ వెనక వేళ్లతో గేర్లు మార్చే ప్యాడిల్స్ పెట్టి, ఆ కొత్త కారుతో రేసర్ నైజెల్ మాన్సెల్ బ్రెజిల్‌లో మొదటి రేసే గెలిచాక ఫార్ములా వన్‌లో గేర్ రాడ్డుకి నూకలు చెల్లాయి. ఆ కబురు తమరిదాకా రాలేదేమో.

ఆటోమేటిక్ ఏమీ బంగారం కాదు. మలుపు మధ్యలో ఉన్నట్టుండి గేరు మార్చి కొంప ముంచుతుంది, కింది గేరుకి దిగమంటే మీనమేషాలు లెక్కపెడుతుంది. అయినా దానికి పొగరు లేదు. తమరి భక్తులో? "ఇంకా ఆటోమేటిక్‌లోనే ఆడుతున్నావా?" అని అడిగితే, ఇంకా పెళ్లి కాలేదా అని అడిగే పెద్దమ్మ గొంతే వినబడుతుంది.

మేం హైదరాబాద్ వాళ్లం. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా హాఫ్ క్లచ్ మీద పాకుతూ పోయి, సాయంత్రం మళ్లీ అలాగే వస్తాం. ఎడమ మోకాలు పీకుతుంది. ఆ దారిలో మాకు ఒక్క క్రెడిట్ ఇచ్చిన నాథుడు లేడు. ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాక కూడా క్లచ్చేనా?

పోనీ, అచ్చం బండి తోలినట్టే ఉండాలన్నది తమరి పంతమైతే, సగంలో వదిలేశారెందుకు? ఇప్పుడు క్లచ్ ఎంత మోటుగా వదిలినా ఇంజన్ ఆగదు. ఆగాలి. స్టార్టింగ్ లైన్ మీదే ఆగాలి. మళ్లీ స్టార్ట్ చేసుకునేలోపు వెనకున్న కార్లన్నీ ఒక్కసారిగా హారన్ కొట్టాలి. సందులోంచి ఒక ఆటో దూరి, డ్రైవర్ తల బయటపెట్టి "బండి నేర్చుకొని రావాలె గదా అన్నా!" అనేసి పోవాలి. అది పెట్టించండి, అప్పుడు మాట్లాడదాం బోనస్ సంగతి.

ఇట్లు,
సున్నా శాతం బోనస్‌తో సుఖంగా ఉన్న
ఒక ఆటోమేటిక్ ఆటగాడు