వాడి ఆప్షన్లు, మా అందరి వేళ్లు

మా అక్క కొడుక్కి ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. (ఆంధ్రలో 2021లోనే ఈఏపీసెట్ అయిందట. మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.) వాడికి వంతెనల పిచ్చి. 1997లో రైళ్లు ఆగిపోయిన రాజమండ్రి హేవలాక్ వంతెన ముందు నిలబెడితే అన్నం కూడా అడగడు. సివిల్ ఇంజనీరింగ్ చదువుతానన్నాడు. అంతే, ఇంట్లో ఎవరో పోయినట్టు మొహాలు!

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు నిండా వీడియోలే. "ఈ బ్రాంచి తీసుకుంటే మీ పని ఖతం" అని ఎర్రక్షరాల థంబ్‌నెయిల్. అక్క ఒక్కటి చూసింది పాపం, యూట్యూబ్ వరసగా అలాంటివే ఇరవై వడ్డించింది. "చూడు, అందరూ అదే చెప్తున్నారు!" అందరూ ఎక్కడే తల్లీ, నీ ఫోన్‌లో కదా!

వెబ్ ఆప్షన్ల రోజు, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్లో వరసగా పెట్టే రోజు, మౌస్ బావగారి చేతిలో. సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్), ఏఐ ఎంఎల్, డేటా సైన్స్, మళ్లీ ఇంకో కాలేజీలో సీఎస్ఈ. సివిల్ నలభై ఒకటోది. అందరూ పక్కన నిలబడి "నీ ఇష్టమే రా" అంటున్నారు. వాడు ఓటీపీ చెప్పాడు, అంతే వాడి పాత్ర.

నిన్న బావగారి ఫోన్: "మన స్లాబు కారుతోంది, మంచి సివిల్ ఇంజనీరు ఎవరైనా ఉన్నారా?"