ముద్దాయి పేరు ఫోర్టూనా

మా వీధి మలుపులో మూత లేని మ్యాన్‌హోల్ ఒకటి ఉంది. మూడు వారాలుగా అందులో ఒక వేపకొమ్మ, దానికి ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉండేవి. మూడు అర్జీలు పెట్టుకున్నాక మాకు మేమే మంజూరు చేసుకున్న కొమ్మ అది. పోయిన వారం రాత్రి కురిసిన వానకు కొట్టుకుపోయింది. తెల్లవారుజామున పాలు పోసే కుర్రాడు సైకిలుతో సహా అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. సాయంత్రానికల్లా అధికారుల ప్రకటన వెలువడింది. దురదృష్టవశాత్తు జరిగిన సంఘటన అట!

'వశాత్తు' అన్న తోకను గమనించండి. కుర్రాడు దురదృష్టానికి వశమయ్యాడు. అధికారులు ఎవరి వశంలోనూ లేరు, మా వశంలో అసలే లేరు.

అయినా పాపం వాళ్లను అనుకొని లాభం లేదు. ఇది ఇంగ్లీషు 'అన్‌ఫార్చునేట్'కు తెలుగు వేషం. ఆ ఫార్చ్యూన్ పుట్టిల్లు రోము, మూలపుటమ్మ అక్కడి అదృష్టదేవత ఫోర్టూనా. కాబట్టి కేసు ఆవిడ మీదే పెట్టాలని నేను పౌరబాధ్యతతో స్టేషనుకు వెళ్లినట్టు ఊహించుకోండి.

"ముద్దాయి పేరు?"

"ఫోర్టూనా, సార్."

"తండ్రి?"

"జూపిటర్ అంటారు."

"వృత్తి?"

"చక్రం తిప్పడం."

ఎస్సై గారి కలం ఆగిపోయింది. చక్రం తిప్పేవాళ్ల మీద కేసంటే పైనుంచి మాట రావాలి. చిరునామా అడిగారు. రోముకు దగ్గర్లోనే పాలెస్ట్రీనా, పూర్వం ప్రెనెస్టె అనేవారు, అక్కడ ఆవిడకు పెద్ద గుడి ఉండేది అని చెప్పాను. ఆ గుడిలో ఓక్ చెక్కల మీద రాతలు చెక్కి ఉంచేవారని, ఒక పిల్లవాడు చేయి పెట్టి ఏది తీస్తే అదే భక్తుడి భవిష్యత్తని కూడా చెప్పాను.

"అంటే మన టెండర్ల లాగానే?"

"కాదు సార్. ఎవరికి ఏది రావాలో ఆ పిల్లవాడికి ముందే తెలియదు."

"ఆనవాళ్లు?"

"ఒక చేతిలో చుక్కాని, ఇంకో చేతిలో పళ్లూ ధాన్యమూ పొంగిపొర్లే కొమ్ము. కళ్లు కనపడవని రోమన్ కవులు రాశారు."

"కళ్లే కనపడకపోతే గొయ్యి మాత్రం ఎలా కనపడుతుందయ్యా?" అని ఫైలు మూసేశారు. నిర్దోషి.

ఇంగ్లీషువాళ్ల దగ్గర ఇలాంటి సరుకు చాలానే ఉంది. డిజాస్టర్ అంటే చెడ్డ నక్షత్రం చేసిన పని. హ్యాపీలోని 'హ్యాప్' కూడా యాదృచ్ఛికమే, అంటే వాళ్ల సంతోషం కూడా దారిలో దొరికిందే. మన మాట వీటన్నిటికంటే నిజాయితీ కలది. అదృష్టం అంటే కనపడనిది. ఆ గొయ్యి వీధిలో అందరికీ కనపడింది, కుక్క సైతం చుట్టూ తిరిగి వెళ్లేది. జీతం తీసుకొని చూడవలసిన ఒక్కరికే కనపడలేదు. కాబట్టి ప్రకటనలో వ్యాకరణ దోషం లేదు.

ఫార్చ్యూన్ అంటే ఆస్తి కూడా. మన భాగ్యమూ అంతే, దాని మూలం భాగం, అంటే వాటా. మూత పేరు మీద ఎవరి భాగం వాళ్లకు అందాక, ఏ వాటా దక్కక గోతిలో పడేవాణ్ణి అభాగ్యుడు అంటాం. ఇంత సూటిగా లెక్క చెప్పే నిఘంటువు ఉండగా ఆడిట్ ఎందుకు?

2016 మార్చి 31న కోల్‌కతాలో కడుతున్న ఫ్లైఓవర్ కూలి 20 మందికి పైగా చనిపోయారు. కట్టింది మన హైదరాబాద్ కంపెనీయే. ఇది దేవుడి పని అన్నారు కంపెనీ అధికారి ఒకరు. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో తీగల వంతెన తెగి 135 మంది నదిలో పోయారు. మరమ్మతు చేశామని తెరిచి నాలుగు రోజులే అయింది. అడుగున పలకలు మార్చారు, తుప్పు పట్టిన తీగలు మార్చలేదని ప్రాసిక్యూషన్ కోర్టుకు చెప్పింది. నిర్వహణ కంపెనీ మేనేజరు ఒకరు అదే కోర్టులో, ఇది దేవుడి ఇచ్ఛ అన్నాడు. పసిపిల్లలు పోయారయ్యా! కొత్త పలకలు కొనేటప్పుడు దేవుణ్ణి అడిగారా? టికెట్ డబ్బులు లెక్కపెట్టుకునేటప్పుడు అది ఎవరి ఇచ్ఛ? తుప్పుకు తిథి నక్షత్రాలు ఉండవు. గాలి, నీళ్లు, పట్టించుకోని మనిషి, ఈ మూడే కావాలి దానికి.

నిన్న పాల కుర్రాణ్ణి చూడ్డానికి వెళ్లాను. కాలికి తొడ దాకా కట్టు. నేను అర్జీల సంగతి ఎత్తబోతే, "నా తలరాత సార్, ఎవరేం చేస్తారు" అన్నాడు. వాళ్ల అమ్మ పక్కనే కూర్చొని, నా జాతకమే అంత అంటూ కొడుకు గండాన్ని తన మీద వేసుకుంది. ప్రకటన రాసినవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? సంతకం పెట్టే శ్రమ కూడా వీళ్లే తీసుకున్నారు.

మూత ఇంకా వేయలేదు. ఈసారి చింతకొమ్మ పెట్టాం, వేప కంటే కాస్త గట్టిదని.