సవరణ: స్టేజీ భయానికి చెప్పిన ఊపిరి చిట్కా

ఒడిశా రాష్ట్రం ఏర్పడిన రోజైన ఏప్రిల్ 1న ఉత్కళ దివస్‌కి ఒడియాలో మాట్లాడాల్సిన మన పర్లాకిమిడి తెలుగు పిల్లల కోసం పోయిన వారం ఒక పోస్టు పెట్టాను. మైకు దగ్గరికి వెళ్ళే ముందు పదిసార్లు గబగబా, గట్టిగా ఊపిరి పీల్చి వదలమని అందులో రాశాను. అది తప్పు. నేను కనుక్కోకుండా రాశాను.

అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. తల తిరుగుతుంది, వేళ్ళకీ పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది. మా పక్కింటి అమ్మాయి ప్రాక్టీసులో అలాగే చేసి, చేతిలో కాగితం జారిపోతుంటే బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. టెన్షన్ తగ్గకపోగా ఇంకా పెరిగింది. తెలిసిన డాక్టరుగారిని అడిగితే కారణం చెప్పారు, వైద్య పుస్తకాల్లోనూ అదే ఉంది.

చేయాల్సింది ఇలా: ముక్కుతో మామూలుగా పీల్చాలి, పీల్చినదానికంటే ఎక్కువసేపు మెల్లగా వదలాలి. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదిలితే సరి. రెండు మూడు నిమిషాలు చాలు. గుండె దడ పూర్తిగా పోదు, పోనక్కర్లేదు కూడా. మాట మొదలయ్యాక చాలామందికి అదే సర్దుకుంటుంది.

ఆ పోస్టులోనే, ప్రసంగం మొదటి రెండు వాక్యాలు ఒడియాలో కంఠతా పట్టమన్న మాట మాత్రం మార్చలేదు. పాత పోస్టు ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇదీ పంపండి.