అన్ని గేమ్‌లకూ పనికొచ్చే కంట్రోలర్ గారికి

మహారాజశ్రీ గేమ్ కంట్రోలర్ గారికి హనుమకొండ నుంచి ఒక మేనమామ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. చౌరస్తాల ఫోన్ల దుకాణంల, టెంపర్డ్ గ్లాసులకూ ఛార్జర్ వైర్లకూ నడుమ, చేతుల పట్టుకొని బటన్లు నొక్కి ఫోన్ల ఆటలాడనీకి పనికొచ్చే మీరు కొలువుదీరి ఉన్నరు. పెట్టె మీద 'అన్ని గేమ్‌లకూ సపోర్ట్' అని బంగారు రంగు అక్షరాలు. అది మా మేనల్లుడు చూసిండు. ఇగ నాకు నిద్ర లేదు.

మీ గొప్పతనం మీద నాకు అనుమానం లేదు గని, ఒక్క ముచ్చట. మా పోరడు ఆడేది బీజీఎంఐ అనే తుపాకుల ఫోన్ ఆట. భద్రకాళి బండ్ మీద పొద్దుగూకినంక తలలు వంచుకొని కూసునే పోరలు ఎక్కువ ఆడేది గూడ అదే. 2020ల పబ్‌జీ మొబైల్ బంద్ అయితే, 2021ల ఈ పేరుతోటి వచ్చింది. 2022ల మళ్ల మాయమై 2023ల తిరిగొచ్చింది. ఇన్ని జన్మలెత్తినా మిమ్మల్ని మాత్రం గడప తొక్కనియ్యలే. ఆ ఆటకు తెర మీద వేళ్లే కావాలె.

ఇదే దుకాణపు పిలగానికి చెప్తే, "మ్యాపింగ్ యాప్ ఏసుకో అన్నా, మస్తు నడుస్తది" అన్నడు. అంటే మీరు బటన్ నొక్కుతరు, ఆ యాప్ మధ్యల నిలబడి తెర మీద వేలు పెట్టినట్టు నటిస్తది. కంపెనీ కంట్ల పడితే ఐడీ బ్యాన్. పోరడు కూడబెట్టుకున్న గన్ స్కిన్లు (ఆటల తుపాకులకు ఏసే రంగుల తొడుగులు), డ్రెస్సులు గంగల కలుస్తయి. మీకేం, పెట్టెలకు పోయి పండుకుంటరు.

కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ అనే ఇంకో తుపాకుల ఆటల మీకు కుర్చీ ఉన్నది, ఒప్పుకుంట. 2019 నుంచే రానిస్తున్నరు. కని అక్కడ గూడ కంట్రోలర్ పట్టినోళ్లను కంట్రోలర్ పట్టినోళ్ల మీదికే తోలుతరు, పెండ్లిల వేరే పంక్తి ఏసినట్టు. కార్ల రేసులకు, మైన్‌క్రాఫ్ట్‌కు మీరు బాగనే పనికొస్తరు. మా పోరనికి వాటి మీద మనసు లేకపాయె.

ఇగ తమరి దేహసౌష్ఠవం. ఫోన్‌ను రెండు దిక్కుల నుంచి పట్టుకునే సాగే రకం ఒకటి డెమోకు పెట్టిన్రు. పోరని ఫోన్‌కు వాళ్లమ్మ ఏయించిన రబ్బరు కవరు ఉన్నది, కింద పడ్డా పగలొద్దని మూలలకు దొడ్డుగ. ఆ కవరుతోటి మీ సీ టైప్ పిన్ను సగమే దిగింది. కనెక్ట్ అయ్యుడు, పోవుడు, అయ్యుడు, పోవుడు. కవరు తీస్తే కెమెరా గడ్డ వెనక పట్టీకి తగిలి ఫోన్ ఒక దిక్కుకు ఒరిగింది. పక్కనే పాత ఐఫోన్లకు పట్టే లైట్నింగ్ పిన్ను ఉన్న మీ అన్నగారు ఒకాయన దుమ్ము కొట్టుకొని ఉన్నడు. 2023ల ఐఫోన్ 15 సీ టైప్‌కు మారినప్పటి సంది కొత్త ఫోన్లోళ్లు ఆయన మొహం చూస్తలేరు. "ఆయననైతే సగం ధరకే ఇస్త" అన్నడు పిలగాడు, మా ఫోన్ ఆండ్రాయిడ్ అని తెలిసి గూడ! బ్లూటూత్ రకానికి పిన్ను బాధ లేదు. కని ఫోన్‌ను పట్టుకునేదెవరు? దానికి క్లిప్పు వేరే కొనాల్నట.

ఆటల బొమ్మను నడిపించనీకి బొటనవేలితోటి తిప్పే జాయ్‌స్టిక్ లోపల ఏమున్నదని అడిగిన. మామూలు రకంల కార్బన్ పట్టీ మీద లోహపు ముక్క రాసుకుంట తిరుగుతది. అరిగినంక మనం ముట్టకున్నా బొమ్మ తనంతట తనే నడుస్తది. హాల్ ఎఫెక్ట్ రకంల పని అయస్కాంతానిది, ఆ రాపిడి ఉండదు. కొనేటోనికి కావాల్సిన ముచ్చట ఇదే గదా, మీ పెట్టె మీద ఎక్కడున్నది? రంగురంగుల లైట్లున్నయని మాత్రం రాసిన్రు. దాని కిందనే దుకాణపోళ్ల స్టిక్కర్: 'సీల్ ఇప్పితే వాపస్ లేదు'.

కాబట్టి మనవి ఏమనగా, ఆ 'అన్ని' అన్నది కొట్టేసి, మిమ్మల్ని రానిచ్చే ఆటల పేర్లు రాయించుకోండ్రి. లోపల ఏ జాయ్‌స్టిక్కో, కవరు ఎంత దొడ్డుగుంటె పడుతదో అదీ రాయించుకోండ్రి. అప్పటిదాంక మా పోరడు బొటనవేళ్లకు బట్ట తొడుగులు ఏసుకొనే ఆడుతడు.

ఇట్లు,
అద్దం బయట నిలబడ్డ మేనమామ

తా.క.: మా అక్క ఒక్కటే అడగమన్నది. మిమ్మల్ని తగిలిస్తే ఇంటర్ పాఠాల యాప్ తెరుచుకుంటదా?