మతిమరుపు ఉందని తెలిస్తే జబ్బు లేనట్టేనా?

ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. తెలిసినవాళ్లు, చదువుకున్నవాళ్లు కూడా పంపుతూనే ఉన్నారు. పారిస్‌లో ఎవరో ప్రొఫెసర్ చెప్పారంటూ మొదలవుతుంది. అరవై దాటినవాళ్లలో సగం మందికి వచ్చే మరుపు వయసు వల్లేనట, జబ్బు కాదట. తాను మరిచిపోతున్నానని తనకే తెలిసిన మనిషికి అల్జీమర్స్ లేనట్టేనట. తర్వాత మూడు పజిల్స్: 'O' అక్షరాల మధ్య దాగిన 'C'ని, తొమ్మిది అంకెల మధ్య ఆరుని, 'M' అక్షరాల మధ్య 'N'ని కనిపెట్టాలి. కనిపెడితే అల్జీమర్స్ మీ దరిదాపుల్లో లేదట.

పజిల్స్ సంగతి ముందు తేల్చేద్దాం. అవి చూపునీ ఓపికనీ పరీక్షిస్తాయి, జ్ఞాపకాన్ని కాదు. డాక్టర్ అయితే కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ అడుగుతారు, గడియారం బొమ్మ గీయమంటారు. సరదాకి ఆడుకోండి, అంతవరకే.

వయసు మాట కొంత నిజమే. పేర్లు తట్టడానికి టైమ్ పడుతుంది, గదిలోకి ఎందుకొచ్చామో గుర్తురాదు. కానీ ఫలానా మనిషి మరుపు వయసు వల్లే వచ్చిందని ఆ మనిషిని చూడకుండా ఎవరు చెప్పగలరు?

అసలు ప్రమాదం రెండో మాటతోనే. 'తెలిసిందంటే జబ్బు లేదు.' ఈ జబ్బుకి ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టర్ అలోయిస్ అల్జీమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూసిన పేషెంట్ అగస్టే డీటర్. అప్పటికి ఆమెకి 51 ఏళ్లు. తన పేరు రాయమంటే పూర్తి చేయలేకపోయిన ఆమె 'నన్ను నేను పోగొట్టుకున్నాను' అంది. తనకేదో అవుతోందని ఆమెకి తెలియదని ఎవరైనా అనగలరా? మొట్టమొదటి కేసే ఈ మెసేజ్‌ని కొట్టిపారేస్తుంటే ఇంకా ఎందుకు పంపుతున్నారు?

నిజానికి చాలామందికి తొలి దశలో తెలుస్తుంది. మునుపటిలా లేనని వాళ్లే చెబుతారు. జబ్బు ముదిరేకొద్దీ ఆ ఎరుక తగ్గుతుంది. కొందరికి మొదటినుంచీ తెలియకపోవచ్చు, అప్పుడు ఇంట్లోవాళ్లే ముందు పసిగడతారు. ఇక్కడ మెసేజ్‌లో ఒక నిజం ఉందని ఒప్పుకుంటాను: తనకేమీ లేదని మనిషి అంటూ, ఇంట్లోవాళ్లు కంగారుపడుతుంటే డాక్టర్లు మరింత జాగ్రత్తగా చూస్తారు. అంతమాత్రాన తెలిసినవాళ్లందరికీ జబ్బు లేదని ఎలా అవుతుంది? పైగా మతిమరుపు జబ్బంటే అల్జీమర్స్ ఒక్కటేనా? మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే డిమెన్షియాలో చాలామందికి తమ పరిస్థితి బాగానే తెలుస్తుంటుంది.

నాకు కోపం ఎందుకంటే, ఈ మెసేజ్ చేరేది సరిగ్గా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవాళ్లకి. ఎన్నాళ్లో బిడియపడి 'ఈమధ్య అన్నీ మర్చిపోతున్నాను' అని నోరు విప్పిన మనిషికి మనం దీన్ని పంపుతాం. ఆ మనిషి ఊపిరి పీల్చుకుని ఇంట్లోనే ఉండిపోతారు. ఆ మరుపు విటమిన్ బీ12 లోపం వల్ల కావచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడే షుగర్ పేషెంట్లలో ఇది మామూలే. ఆలస్యమైతే నరాలకి జరిగిన నష్టం పూర్తిగా తిరిగిరాకపోవచ్చు. థైరాయిడ్ హార్మోన్ తగ్గి ఉండొచ్చు. గురకతో రాత్రంతా ఊపిరి ఆగి ఆగి నిద్ర చెడుతుండొచ్చు. డిప్రెషన్ పెద్దవాళ్లలో ఏడుపుగా కాకుండా మరుపుగా బయటపడొచ్చు. నిద్రకీ ఆందోళనకీ వాడే అల్ప్రజోలం లాంటి మాత్రలు, మత్తు తెప్పించే పాతరకం జలుబు మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్లకి ఇచ్చే కొన్ని మాత్రలు కూడా జ్ఞాపకాన్ని మసకబారుస్తాయి. వినికిడి తగ్గితే మాట అసలు చెవిన పడదు, మనం మర్చిపోయారనుకుంటాం. కొన్ని వారాల కింద తలకి దెబ్బ తగిలి లోపల నెమ్మదిగా రక్తం చేరుతుండొచ్చు. మరుపుతోపాటు పాదాలు నేలకి అతుక్కున్నట్టు నడుస్తూ, మూత్రం ఆపుకోలేకపోతుంటే మెదడులో నీరు చేరిందేమో చూడాలి. ఆపరేషన్‌తో చాలామందికి మేలవుతుంది.

ఇన్నిటినీ ఒక్క ఫార్వర్డ్‌తో కొట్టేస్తారా?

పోనీ అల్జీమర్సే అనుకుందాం. 2023లో అమెరికాలో పూర్తి ఆమోదం పొందిన లెకానెమాబ్ అనే మందు జబ్బుని నయం చేయదు, కొంత నెమ్మదింపజేస్తుంది. అందరికీ సరిపడదు, మెదడులో వాపు, రక్తస్రావం లాంటి ప్రమాదాలూ ఉన్నాయి. కానీ అది ఇచ్చేది తొలి దశలో ఉన్నవాళ్లకే. అంటే ఈ మెసేజ్ 'మీకేం లేదు' అని ఇంట్లో కూర్చోబెడుతున్నవాళ్లలో కొందరికి. మందు సంగతి అటుంచినా, ఆస్తి గురించి, వైద్యం గురించి తన నిర్ణయాలు తానే చెప్పగలిగే కాలం కూడా అదే.

భయపడేవాళ్లకి ధైర్యం చెప్పాలన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. భయం కూడా మరుపుని పెంచుతుంది. టెన్షన్‌లో ఉన్న పాతికేళ్లవాళ్లు కూడా తాళాలు ఎక్కడ పెట్టారో మర్చిపోతారు, అందులో కంగారు పడాల్సింది లేదు. కానీ అడిగిందే పదేపదే అడుగుతుంటే, తెలిసిన దారిలో తప్పిపోతుంటే, ఎప్పుడూ చేసే లెక్కలు తేలకపోతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి అయోమయంగా మారితే వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి. వాడుతున్న మాత్రలన్నీ, జలుబువీ నిద్రవీ సహా, సంచిలో వేసుకెళ్లండి. రోజూ మిమ్మల్ని చూసే మనిషిని వెంట తీసుకెళ్లండి, మీకు తెలియనిది ఏదైనా ఉంటే వాళ్లు చెబుతారు.