వికటకవి తిరగేస్తే వికటకవి కాదట!

మా అక్క కూతురు ఇంజనీరింగ్ ఫైనలియర్. ఈ మధ్య కర్నూలు వెళ్ళినప్పుడు, రెజ్యూమె చూడమని ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. పేజీన్నర రెజ్యూమెలో అరపేజీ ప్రోగ్రామింగ్ భాషల పేర్లే. సీ, సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్, జావాస్క్రిప్ట్, వాటి కింద మెషీన్ లెర్నింగ్, ఫుల్ స్టాక్. ఇన్ని వచ్చిన పిల్లను ఏం అడగాలో తోచక పాత ప్రశ్నే అడిగాను. పాలిండ్రోమ్, అంటే ఎటు నుంచి చదివినా ఒకటే అయ్యే పదాన్ని పట్టే ప్రోగ్రామ్ రాస్తావా అని.

"అదా మామా" అని నవ్వి, పైథాన్‌లో ఒక్క లైన్లో రాసేసింది. పదాన్ని తిరగేయడం, తిరగేసింది మొదటిదానితో సమానమా అని చూడటం. అంతే. మా రోజుల్లో ఇది పదిహేను లైన్లు. ఇంగ్లిష్ అక్షరాల్లో మేడమ్ అని కొట్టింది, ట్రూ అని వచ్చింది. మలయాళం అని కొట్టింది, ట్రూ.

"తెలుగులో వికటకవి కొట్టి చూడు" అన్నా.

ఫాల్స్ అని వచ్చింది.

తెనాలి రామకృష్ణుడికి అమ్మవారు ఇచ్చిన బిరుదు అది. ఎటు నుంచి చదివినా ఒకటేనని చిన్నప్పుడు కథ చెప్పే ప్రతి అవ్వా వేలు ఆడిస్తూ చెప్పిన పదం. మా పాప ముందు కీబోర్డును అనుమానించింది. తర్వాత ఫాంట్‌ను. తర్వాత "స్పెల్లింగ్ తప్పు కొట్టినానేమో" అని మూడోసారి కొట్టింది. అన్నింటినీ అనుమానించింది గానీ తను రాసిన ప్రోగ్రామ్‌ను మాత్రం అనుమానించలేదు. మేడమ్‌కు పనిచేసింది కాబట్టి అది కరెక్టే అని ఆమె లెక్క.

ఆ లెక్క ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. నాకూ అక్కడి నుంచే వచ్చింది.

నేను చదివింది కర్నూలు చుట్టుపక్కల ఉన్న ఒక కాలేజీలో. అనంతపురం జేఎన్‌టీయూ విడిగా యూనివర్సిటీ అయిన 2008లోనే మేము బయటపడ్డాం. చెప్పులు బయట విడిచి ల్యాబులోకి వెళ్తే లోపల వరసగా నీలం రంగు స్క్రీన్లు. బోర్లాండ్ కంపెనీ 1990లో తెచ్చిన టర్బో సీ ప్లస్ ప్లస్. సీ ప్లస్ ప్లస్‌కు అంతర్జాతీయ ప్రమాణం వచ్చిందే 1998లో. అంటే మేము నేర్చుకున్న వ్యాకరణం, ఆ భాషకు వ్యాకరణం ఖాయం కాకముందు నాటిది. అది తప్పని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్ళూ దాంట్లోనే నేర్చుకున్నారు మరి.

ఒకటి నుంచి ఇచ్చిన అంకె దాకా అన్నింటినీ గుణించే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ ఇప్పటికీ కళ్ళముందు ఉంది. ఇన్‌పుట్ 5, అవుట్‌పుట్ 120. ల్యాబ్ రికార్డులో కుడి పేజీలో ప్రోగ్రామ్, ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిల్‌తో అవుట్‌పుట్. క్లాసులో అరవై మంది రికార్డుల్లోనూ 5కు 120 మాత్రమే. సీనియర్ రికార్డు నుంచి మేము, ఆయన సీనియర్ నుంచి ఆయన కాపీ కొట్టాం. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక టైము మిగిలితే ఊరికే 8 కొట్టా. మైనస్ 25216 అని వచ్చింది. ఎనిమిది మంది మనుషుల్ని వరసలో నిలబెట్టే పద్ధతులు మైనస్ పాతిక వేలా! ల్యాబ్ అసిస్టెంట్‌ను పిలిచి చూపించా. ఆయన స్క్రీన్ వంక, నా వంక చూసి "5 ఇవ్వప్పా, వస్తాది" అన్నాడు.

కారణం చిన్నదే. టర్బో సీలో పూర్ణాంకానికి రెండు బైట్లే, అంటే మెమరీలో రెండు చిన్న గదులే చోటు. 32767 దాటితే పట్టదు. 8 ఫ్యాక్టోరియల్ 40320. అందులోంచి, రెండు బైట్లలో పట్టే మొత్తం అంకెల లెక్క 65536 పోతే మైనస్ 25216. దాన్ని బోర్డు మీద పది నిమిషాలు చెప్పి ఉంటే కంప్యూటర్ లోపల అంకె ఎలా కూర్చుంటుందో మాకు జీవితాంతం గుర్తుండేది. కానీ ఎక్స్‌టర్నల్ వచ్చి వైవాలో అడిగేది 5కే కదా.

నా గొడవంతా ఈ "5 ఇవ్వప్పా" దగ్గరే. మన దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకోవడమంటే పాసయ్యే ఇన్‌పుట్‌ను గుర్తుపెట్టుకోవడం.

దీన్ని వదిలేసి మనం ఏ భాష మంచిదని కొట్టుకుంటాం. కర్నూలు నుంచి హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, అనంతపురం నుంచి బెంగళూరు కూడా ఇంచుమించు అంతే. అందుకే మావాళ్ళు అమీర్‌పేట బస్సెక్కితే అనంతపురం వాళ్ళు బెంగళూరు బస్సెక్కుతారు, కడప పిల్లలు సగం అటు సగం ఇటు. ఏ బస్సెక్కినా దిగాక అడిగే ప్రశ్న ఒకటే: ఇప్పుడు ఏ కోర్సు నడుస్తాంది? ఇరవయ్యేళ్ళ కిందట జావా, మధ్యలో టెస్టింగ్ టూల్స్, ఆ తర్వాత పైథాన్, ఇప్పుడు ఏఐ. జావా చచ్చిపోయిందని పదేళ్ళుగా వాట్సాప్‌లో వింటున్నా. నా జీతం ఆ శవమే ఇస్తోంది.

అలాగని "భాషదేముంది, లాజిక్ ముఖ్యం" అనే పెద్దల మాట కూడా నాకు నచ్చదు. అది సగం నిజం. పైథాన్‌లో 8 కాదు, 80 ఫ్యాక్టోరియల్ అడిగినా సరిగ్గానే వస్తుంది. అంకె ఎంత పెరిగితే అంత చోటు అదే చూసుకుంటుంది. మాకు సీ ల్యాబులో నేర్పిన 'గెట్స్' అనే ఫంక్షన్ ఉండేది. ఇచ్చిన పెట్టెలో ఎన్ని అక్షరాలు పడతాయో చూడకుండా వచ్చినవన్నీ కుక్కేస్తుంది. 1988లో ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసిన మోరిస్ వర్మ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్ దూరిన సందుల్లో అదొకటి. చివరికి 2011 నాటి సీ ప్రమాణం నుంచి దాన్ని తీసేశారు. రస్ట్ లాంటి భాషలో మామూలుగా రాస్తే అలాంటి తప్పు, రాసిందాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ దగ్గరో, నడిచేటప్పుడో పట్టుబడిపోతుంది. కాబట్టి భాష ముఖ్యమే. మంచి భాష కొన్ని జాతుల తప్పుల్ని ఇంటి గడప తొక్కనివ్వదు. రస్ట్ వాళ్ళు ఆ మాట రోజుకు నాలుగుసార్లు చెప్పకుండా ఉంటే ఇంకా బాగుండేది గానీ, చెప్పేది నిజమే.

అయితే వికటకవి తప్పును మాత్రం చాలా భాషలు గడప దగ్గర ఆపలేవు. అది మన ఇంట్లో తప్పు.

కర్నూలులో ఎన్ని అక్షరాలున్నాయి? మా తెలుగు మాస్టారు అడిగితే మూడు: క, ర్నూ, లు. గురువు గురువు లఘువు, త-గణం అని కూడా చెప్పాలి, లేకపోతే మొట్టికాయ. అదే ప్రశ్న పైథాన్‌ను అడగండి, ఏడు అంటుంది. క, ర, పొల్లు, న, కొమ్ముదీర్ఘం, ల, కొమ్ము. ప్రపంచ భాషల అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో గుణింతం గుర్తుకు, పొల్లుకు కూడా విడిగా నంబరు ఉంటుంది కాబట్టి వాటినీ లెక్కేస్తుంది. సీలో పొడవు కొలిచే ఫంక్షన్‌ను అడిగితే ఇరవై ఒకటి అంటుంది, ఎందుకంటే అది బైట్లు లెక్కపెడుతుంది, ఆ నంబర్లను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు. ఒకే ఊరు, మూడు లెక్కలు. వాళ్ళ వాళ్ళ కొలబద్ద ప్రకారం ముగ్గురూ కరెక్టే. కడప అని అడిగితే మాత్రం మాస్టారూ పైథానూ ఇద్దరూ మూడే అంటారు. గుణింతాలు, ఒత్తులు లేని ఊరు మరి. కడపతో టెస్ట్ చేసి వదిలిన ప్రోగ్రామ్ కర్నూలు దగ్గర బోల్తా పడేది ఇందుకే.

వికటకవి సంగతీ అంతే. పైథాన్ దాన్ని వ, గుడి, క, ట, క, వ, గుడి అని ఏడు ముక్కలుగా చూస్తుంది. తిరగేస్తే మొదట ఏ అక్షరానికీ అంటని గుడి ఒక్కటే వచ్చి నిలబడుతుంది, దాని వెనక వకటకివ. మడమ, నటన, జలజ పాసవుతాయి. కునుకు ఫెయిలవుతుంది.

ఇదంతా పండితుల సరదా అనుకునేవాళ్ళకు నా సొంత అనుభవం చెప్తా. కొన్నేళ్ళ కిందట ఒక సంస్థకు వినియోగదారుల పేర్లు తెలుగులో దాచే పని చేశాం. పేరుకు ముప్పై చోట్లు చాలనుకున్నది నేనే. ఇంగ్లిష్ పేర్లతో టెస్ట్ చేశాం, అన్నీ పట్టాయి. ఆ ముప్పై, అక్షరాలు కాదు బైట్లని నాకు తట్టలేదు. అంటే తెలుగులో పది గుర్తులే. వెంకటేశ్వర్లు అనే పేరుకు పదమూడు కావాలి. పదో గుర్తు దగ్గర తెగితే ఏం మిగులుతుంది? వెంకటేశ్వర. లక్షణమైన పేరు! ఎవరికీ అనుమానం రాలేదు. దాదాపు మూడు నెలలు వెంకటేశ్వర్లు అందరూ వెంకటేశ్వరలుగా బతికారు. అహోబిలం నరసింహస్వామి పేరు ప్రతి మూడో ఇంట్లో పెట్టుకునే సీమలో, లక్ష్మీనరసింహులు అనే పెద్దాయన తన పేరు కాగితం మీద "లక్ష్మీనరస" అని అచ్చయిందని కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకున్నాక గానీ మాకు తెలివి రాలేదు. "మిగతా సగం ఎవరు తిన్నారప్పా" అన్నాడట. తిన్నది నేనే.

ఆ రోజు నా టీములో ఐదుగురం తెలుగువాళ్ళమే. నలుగురి ఇళ్ళల్లో పొడుగు పేర్లున్న తాతలున్నారు. ఒక్కరమూ మన తాత పేరు కొట్టి చూద్దాం అనుకోలేదు. ఆఫీసు గుమ్మం దాటగానే మనం జాన్ అని, టెస్ట్ యూజర్ వన్ అని కొట్టే మనుషులమైపోతాం. 5 ఇవ్వప్పా.

పెద్ద కంపెనీలేం తక్కువ తినలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లో ఆ యాప్ కుప్పకూలేది. మధ్యలో కంటికి కనిపించని ఒక సున్నా వెడల్పు గుర్తు కూడా ఉండాలి లెండి. యాపిల్ ఆ నెలలోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. ఒత్తుతో కలిసిన తెలుగు హల్లుల్ని ఒకే అక్షరంగా లెక్కేయాలన్న సూత్రం మాత్రం 2023లో వచ్చిన 15.1 వెర్షన్ దాకా దాని మూల నియమాల్లో లేదు. మన ఒత్తుల్ని ఎవరో వచ్చి కొట్టి చూస్తారని కూర్చుంటే పట్టే కాలం అదీ.

ఇప్పుడు ఏఐ వచ్చింది, ఇక ప్రోగ్రామర్లతో పనేముంది అంటున్నారు. మా పాప కూడా ఫాల్స్ చూసిన ఐదు నిమిషాలకు చాట్‌బాట్‌ను అడిగింది. కానీ అడిగింది "పాలిండ్రోమ్ ప్రోగ్రామ్ రాసివ్వు" అని. అది ఆమె రాసిన లైన్‌నే ఇంకా అందంగా, కామెంట్లతో ఇచ్చింది, కింద మేడమ్‌తో టెస్ట్ కూడా పెట్టి. "తెలుగులో గుణింతం గుర్తులు విడిపోతున్నాయి, ఏం చేయాలి" అని అడిగి ఉంటే బహుశా సరిగ్గానే చెప్పేది. ఆ రెండో ప్రశ్న పుట్టాలంటే ముందు వికటకవి కొట్టి, ఫాల్స్ చూసి, ఫాంట్ మీదకు నెట్టకుండా కాసేపు కూర్చోవాలి. సీనియర్ రికార్డు నుంచి కాపీ కొట్టడానికి మాకు ఒక సాయంత్రం పట్టేది. ఇప్పుడు మూడు సెకన్లు. రికార్డు మాత్రం అదే.

పైథాన్ నేర్పకండి, జావా నేర్పండి అని నేను కాలేజీలకు చెప్పను. ఏదైనా నేర్పండి. ల్యాబ్ పరీక్షలో ప్రోగ్రామ్ రాసినందుకు సగం మార్కులే ఇచ్చి, దాన్ని పడగొట్టే ఇన్‌పుట్ కనిపెట్టినందుకు మిగతా సగం ఇవ్వండి. పక్కవాడి ప్రోగ్రామ్‌ను పడగొడితే ఇంకో రెండు వేయండి. మన పిల్లలు పందెం అంటే ఎంత హుషారుగా దిగుతారో చెప్పనక్కర్లేదు. రికార్డులో ఎడమ పేజీకి అప్పుడు పని పడుతుంది.

ఆ సాయంత్రం చివరికి మా పాప చాట్‌బాట్ మూసేసి, పదాన్ని ముక్కలు ముక్కలుగా ప్రింట్ చేసింది. వ తర్వాత లైన్లో గుడి ఒక్కటే, చుక్కల గుండ్రం మీద కూర్చొని కనిపించింది. "ఓ... ఇది విడిగా ఉంటాదా!" అంది. అక్క ఉగ్గాని, బజ్జీలు తెచ్చి పెట్టింది. అవి చల్లారిపోయాయి. అరగంటలో గుణింతం గుర్తుల్ని, పొల్లును ముందు అక్షరానికే అతికించే నాలుగు లైన్లు రాసింది. వికటకవి ట్రూ. కునుకు ట్రూ. ఇక లేస్తుందిలే అనుకున్నా. నేను చెప్పకుండానే కర్నూలు అని కొట్టి పొడవు అడిగింది.

నాలుగు అని వచ్చింది.

"మూడు కదా మామా రావాల్సింది" అని వేళ్ళ మీద లెక్కపెట్టుకొని, మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగింది. "పొల్లు తర్వాత వచ్చే హల్లును ఏం చేయాల?"