ఆటో స్టార్టర్ ఎందుకు పోవడం లేదు?

2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ మొదలైంది. అప్పటికి రాష్ట్రంలో దాదాపు 23 లక్షల పంపుసెట్లున్నాయి. కరెంటు ఎప్పుడూ ఉంటుంది కదా, ఇక కరెంటు రాగానే మోటారును తనంతట తానే వేసే ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వం, విద్యుత్ సంస్థలు ఊరూరా చెప్పాయి. కొందరు తీశారు, చాలామంది తీయలేదు. అది రైతు మొండితనమనీ, నిర్లక్ష్యమనీ అనేవాళ్లే ఎక్కువ. నిజానికి స్టార్టర్ డబ్బా పక్కన బిగించిన ఆ చిన్న పెట్టె వెనక ఒక లెక్క ఉంది. ఉచిత విద్యుత్తు మీద, మీటర్ల మీద ఇరవై ఏళ్లుగా జరుగుతున్న వాదనల్లో ఆ లెక్క ఎవరికీ పట్టలేదు.

ముందు ఆ పెట్టె ఎందుకొచ్చిందో చూడాలి. వ్యవసాయ ఫీడర్లకు (పొలాలకు కరెంటు తెచ్చే లైన్లకు) రోజుకు ఏడు గంటలు, అదీ రెండు విడతల్లో ఇచ్చిన కాలంలో ఒక విడత తరచూ రాత్రి పడేది. అర్ధరాత్రి వచ్చే కరెంటు కోసం పొలానికి పోవాలంటే పాముకాటు భయం, తడి గట్టు మీద తెగిపడిన తీగ భయం. ఆటో స్టార్టర్ మూడు ఫేజులూ వచ్చాయో లేదో చూసుకుని, రైతు ఇంట్లో నిద్రపోతున్నా మోటారు వేస్తుంది. కొద్దిపాటి ఖర్చుతో ప్రాణానికి రక్షణ. అంతకంటే తెలివైన కొనుగోలు మరొకటి ఉండదు.

చిక్కు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలవుతుంది. పొలాల్లో మామూలుగా కనిపించే 25 కేవీఏ (మోయగల బరువుకు కొలత) ట్రాన్స్‌ఫార్మర్ 433 వోల్టుల వద్ద ఇవ్వగలిగింది ఫేజుకు 33 ఆంపియర్లు. 5 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో మాత్రం దానికి ఆరింతల దాకా లాగుతుంది. ఒకదాని తర్వాత ఒకటి స్టార్ట్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుంది. ఐదు ఆటో స్టార్టర్లు ఒకేసారి కరెంటును చూసి ఐదు మోటార్లనూ వేశాయంటే, 33 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద 250 దాకా లాగే భారం పడుతుంది. వోల్టేజీ కుంగుతుంది. మోటారు తిరిగే బలం వోల్టేజీ వర్గానికి (స్క్వేర్‌కు) తగ్గట్టు ఉంటుంది కాబట్టి 415 ఉండాల్సింది 340కి పడితే బలం మూడింట రెండొంతులే మిగులుతుంది. మోటార్లు తిరగలేక మూలుగుతాయి, ఎక్కువ ఆంపియర్లు లాగుతాయి, వేడెక్కుతాయి. ఫ్యూజు పోతే అదృష్టమే. ఫ్యూజులో సన్నతీగ బదులు మందపాటి అల్యూమినియం తీగ చుట్టి ఉంటే ఆ వేడి ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ దాకా పోతుంది.

టైమర్ ఉన్న రకం ఆటో స్టార్టర్లలో దీనికి తేలికైన విరుగుడు ఉంది. ఒకరు అర నిమిషానికి, మరొకరు నిమిషానికి, ఇంకొకరు రెండు నిమిషాలకు పెట్టుకుంటే గండం గడిచిపోతుంది. ఎవరూ అలా పెట్టుకోరు. ముందుగా స్టార్ట్ అయిన మోటారుకు మంచి వోల్టేజీ దొరుకుతుంది, ఆఖరివాడికి మిగిలింది దక్కుతుంది. అందుకే అందరి టైమర్లూ వీలైనంత తక్కువకు తిప్పి ఉంటాయి. రైతులకు తెలియక కాదు, ఒక్కడే తగ్గితే నష్టపోయేది ఆ ఒక్కడే కనుక.

మోటారు వృథాగా లాగే కరెంటును తగ్గించే కెపాసిటర్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 5 హెచ్‌పీ మోటారు లైను నుంచి లాగే అసలు విద్యుత్తు దాదాపు 4.7 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ (లాగిన దాంట్లో పనికొచ్చే వాటా) 0.78 ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే బరువు 6 కేవీఏ. 2 కేవీఏఆర్ (కెపాసిటర్ల కొలత) కెపాసిటర్ బిగిస్తే పవర్ ఫ్యాక్టర్ 0.94 దాకా పెరిగి ఆ బరువు 5 కేవీఏకు దిగుతుంది, ఆంపియర్లు 8.4 నుంచి 7కు తగ్గుతాయి. అంటే నాలుగు మోటార్లకే సరిపోయే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఐదింటిని మోస్తుంది. తీగల్లో వృథా ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అది దాదాపు 30 శాతం తగ్గుతుంది. కెపాసిటర్ ఖరీదు కొన్ని వందల రూపాయలు, మోటారు కాలితే వైండింగ్‌కు వేలల్లో ఖర్చు. అయినా పొలాల్లో కెపాసిటర్లు కనిపించవు. కొత్త కనెక్షన్ తనిఖీకి బిగించినవి కూడా తర్వాత మాయమవుతాయి.

కారణం సులువే. కొన్నవాడు ఒక్కడు, లాభం ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న అందరిదీ. నేను కెపాసిటర్ పెడితే పెరిగే వోల్టేజీలో నా వాటా ఐదో వంతు. పక్కవాడు పెట్టినా నాకు అదే ఐదో వంతు ఊరికే వస్తుంది. పైగా పెరిగిన ఆ కాస్త వోల్టేజీని చూసి అనుమతి లేని ఆరో మోటారు వచ్చి చేరుతుంది. ఫ్యాక్టరీ యజమాని పవర్ ఫ్యాక్టర్‌ను కంటికి రెప్పలా కాపాడుకుంటాడు, ఎందుకంటే ఆయన బిల్లు కేవీఏహెచ్‌లో వస్తుంది, అంటే వృథాగా లాగిన దానికీ కట్టాలి. రైతుకు బిల్లే లేదు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ ఫైలుపై సంతకం చేశారు. 2005లో దానికి షరతులు పెట్టారు: ఐఎస్ఐ మోటారు, కెపాసిటర్, ఘర్షణ తక్కువుండే ఫుట్‌వాల్వ్, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ ప్లాస్టిక్ పైపు. నాలుగూ సరైనవే. వాటికి డబ్బు పెట్టాల్సింది రైతు, ఆదా అయ్యే యూనిట్లు డిస్కమ్‌వి, అంటే విద్యుత్ పంపిణీ సంస్థవి. తనిఖీకి వచ్చే మనిషికి ఆ ఊళ్లో కనెక్షన్ పీకే ధైర్యం ఉండదు. షరతు కాగితం మీదే మిగిలింది.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిన తర్వాత జరిగేది చూస్తే ఈ ముడి ఇంకా బిగుస్తుంది. విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణాల ప్రకారం గ్రామాల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలి, ఖర్చంతా సంస్థదే. చాలా చోట్ల రైతులే తలా ఇంత వేసుకుని, ట్రాక్టర్ మాట్లాడి, రిపేరు కేంద్రానికి మోసుకుపోతారు. వరి పొట్ట దశలో ఉన్నప్పుడు నాలుగు రోజులు నీళ్లు ఆగితే పోయే గింజల విలువ ముందు ఆ చందా ఎంత? ఆగస్టులో కాలితే వాన కోసం చూస్తూ పది రోజులైనా ఆగుతారు, మార్చిలో కాలితే అదే రాత్రి ట్రాక్టర్ కదులుతుంది. రైతు తొందరే సంస్థకు అక్కరకొచ్చింది. రవాణా మనుషులను, అదనపు ట్రాన్స్‌ఫార్మర్లను సిద్ధంగా పెట్టుకోవాల్సిన ఒత్తిడి తప్పిపోయింది.

మోటారు కాలితే చేరేది వైండింగ్ దుకాణానికి. మెకానిక్‌కు గిరాకీ కాలిన మోటార్లతోనే. అలాగని ఆయన మోసం చేస్తున్నాడని కాదు. రైతుకు రేపటికల్లా కావాలి, లో వోల్టేజీలో కూడా తిరగాలి. పాత తీగను త్వరగా ఊడదీయడానికి మంటలో కాలుస్తారు. దాంతో స్టాంపింగుల (మోటారు కోర్‌లోని పలుచని ఇనుప రేకుల) మధ్య ఉండే పూత మాడి, కోర్‌లో వృథా పెరుగుతుంది. లో వోల్టేజీకి ఓర్చుకునేలా తీగ చుట్ల లెక్క మారుస్తారు. మోటారు మీద 5 హెచ్‌పీ ప్లేటే ఉంటుంది, లోపలి వైండింగ్ మాత్రం 7.5 హెచ్‌పీ లాగుతుంది. అదనపు లోడుకు హెచ్‌పీ చొప్పున డెవలప్‌మెంట్ చార్జీ కట్టాలి కాబట్టి ప్లేటు మార్చరు. ఈ అలవాటు ఉచితం కంటే పాతది. ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల శ్లాబ్ పెట్టినప్పటి నుంచే ప్లేటు మీద అంకె చిన్నదిగా ఉండటంలో లాభం మొదలైంది. ప్రతి రీవైండింగ్‌తో మోటారు సామర్థ్యం కొంత పడిపోతుంది. బిల్లులో కనిపించదు కాబట్టి ఎవరికీ తెలియదు.

ఇక అసలు నష్టం నేల కింద. తెలంగాణలో, రాయలసీమలో చాలా భాగం గ్రానైట్ లాంటి గట్టి రాయి. నీరు పైపొరలోని మెత్తబడిన రాతిలో, దాని కింద పగుళ్లలో ఉంటుంది. ఆ రాతిలో నీరు వదిలే ఖాళీ నూటికి ఒకటి రెండు పాళ్లే. అంటే నీటిమట్టం ఒక మీటరు దిగితే దక్కేది 10 నుంచి 20 మిల్లీమీటర్ల నీరు. యాసంగి వరికి పెట్టే నీరు సుమారు 1,200 మిల్లీమీటర్లు. ఇంకి తిరిగి పోయేదాన్ని పక్కన పెడితే, ఒక ఎకరా వరి తడపడానికి 60 నుంచి 120 ఎకరాల కింద మట్టాన్ని మీటరు దించాలి. ఇంకిన నీరు కొంత మళ్లీ భూమిలో కలుస్తుంది నిజమే, దాన్ని పైకి తోడిన కరెంటు మాత్రం తిరిగి రాదు. 60 మీటర్ల లోతు నుంచి, మొత్తం సామర్థ్యం మూడో వంతే ఉన్న 5 హెచ్‌పీ మోటారు గంటకు 9,500 లీటర్లు పోస్తుంది. ఎకరాకు 48 లక్షల లీటర్లు కావాలంటే 500 గంటలకు పైనే నడవాలి. అది 2,400 యూనిట్లు. యూనిట్ 7 రూపాయల లెక్కన వేసుకుంటే 16,800 రూపాయలు. ఆ యూనిట్లకు రైతు జేబులోంచి ఒక్క రూపాయీ పోదు.

మరి వేరుశనగో మొక్కజొన్నో వేయొచ్చు కదా, ఆరుతడి పంటకు సగం నీళ్లు చాలు అంటారు వ్యవసాయ అధికారులు. నీటి లెక్క వాళ్లది సరైనదే, డబ్బు లెక్క సగమే. మద్దతు ధరకు ఊళ్లోనే కాంటా పెట్టి ఏటా నమ్మకంగా కొనేది వడ్లనే. పైగా తెలంగాణలో 2024 వానాకాలం నుంచి సన్నాలకు క్వింటాల్‌కు 500 బోనస్. మొక్కజొన్న ధర ఎప్పుడు పడుతుందో తెలియదు, వేరుశనగకు అడవి పంది భయం వేరే. ఉచిత కరెంటు, ఖాయమైన కొనుగోలు రెండూ కలిసి బోరు కింద వరిని నాటిస్తున్నాయి. ఒక్క కరెంటునే తిడితే రెండో చెయ్యి కనిపించకుండా పోతుంది.

నేల కింది పోటీకి చట్టం కూడా తోడైంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం తన భూమి కింద దొరికిన నీటిని తోడుకునే హక్కు భూయజమానిది. పగులు మాత్రం గట్టు దాటి పక్క చేలోకి పోతుంది. ఈ రోజు నేను తోడకుండా ఆపిన నీరు రేపటికి నాకు మిగలదు, రాత్రికే పక్క బోరు లాగేస్తుంది. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం బావుల నమోదు, కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి చేసింది. రిగ్గు యజమానికి మాత్రం అడుగుల లెక్కన డబ్బులొస్తాయి, నీళ్లు పడ్డా పడకపోయినా. 300 అడుగుల దగ్గర ఆపమని చెప్పే లాభం ఆయనకు లేదు. 24 గంటల కరెంటు వచ్చిన కొత్తలో కొన్ని గ్రామాలు ‘మాకు తొమ్మిది గంటలు చాలు, బోర్లు ఎత్తిపోతున్నాయి’ అని తీర్మానాలు చేశాయి. తమను తాము ఆపుకోలేమని తెలిసి, అందర్నీ ఒకేసారి ఆపమని అడిగారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే వివేకవంతంగా అనిపించిన మాట అది.

డిస్కమ్‌ల వైపు కూడా ఒక మౌనమైన లాభం ఉంది. మీటరు లేని చోట వినియోగాన్ని అంచనా వేస్తారు. ఎంపిక చేసిన కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, ఆ రీడింగును మొత్తానికి విస్తరిస్తారు. పరిమితి దాటిన పంపిణీ నష్టాలను నియంత్రణ మండలి టారిఫ్‌లో కలపనివ్వదు. వ్యవసాయం ఖాతాలో పడినవి సబ్సిడీగా అడగొచ్చు. కాబట్టి పట్టణంలో జరిగిన చౌర్యం యూనిట్లు కూడా అంచనాలో పొలం మీదికి జారే వీలుంది. 2003 విద్యుత్ చట్టం 55వ సెక్షన్ రెండేళ్లలో ప్రతి కనెక్షన్‌కూ మీటరు ఉండాలంది. ఆ గడువు దాటి రెండు దశాబ్దాలైంది. రైతు వద్దన్నాడు సరే, పక్కాగా తెలియడం సంస్థకు కూడా అంత ఇష్టమైన విషయం కాదు.

రైతుకు మీటరంటే భయం ఊరికే రాలేదు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపుపై ఆందోళన చేస్తున్నవారిపై జరిగిన కాల్పులు జనం మరచిపోలేదు. శ్రీకాకుళం జిల్లాలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రయోగంగా మీటర్లు పెట్టి, సబ్సిడీ ఖాతాలో వేస్తామన్నప్పుడు కూడా మొదటి ప్రశ్న అదే: ఈ రోజు సున్నా బిల్లు, రేపు? రాష్ట్రానికి అదనపు అప్పు దొరకడం కోసం పెడుతున్న మీటరని తెలిసినప్పుడు ఆ అనుమానం తప్పెలా అవుతుంది?

అందుకే ఒక్కో మోటారును వదిలి, ట్రాన్స్‌ఫార్మర్‌ను లెక్కకు మూలంగా తీసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌వీడీఎస్ (అధిక వోల్టేజీ పంపిణీ పద్ధతి) కింద పెద్ద 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ బదులు మూడు నాలుగు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన చోట ఫలితం కనిపించింది. నలుగురిదే అయినప్పుడు ఐదో మోటారు తగిలిస్తే నలుగురూ అడ్డుకుంటారు. ఇరవై మందిదైతే ఎవరూ అడగరు. అక్కడ మనుషులు మారలేదు, లాభనష్టాలు పంచుకునే గుంపు చిన్నదైంది.

ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చేయాల్సినవి కష్టమైనవి కావు. కెపాసిటర్‌ను రైతుకు వదలకుండా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే డిస్కమ్ బిగించాలి. నాలుగు మోటార్లకు 8 నుంచి 9 కేవీఏఆర్ సరిపోతుంది. మోటార్లు ఆగినప్పుడు వోల్టేజీ పైకి పోకుండా తనంతట తాను తెగే ఏర్పాటు మాత్రం ఉండాలి. తగ్గే నష్టం సంస్థదే కాబట్టి ఆ ఖర్చు సంస్థకే గిట్టుబాటు. ఆటో స్టార్టర్ తీసేయమనే బదులు, ఒక గుంపులో మోటార్లకు వేర్వేరు ఆలస్యాలు సీలు వేసి ఇవ్వాలి. మొదటి వంతు వారానికొకరికి మారాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటరు పెట్టి, సీజన్ మొత్తంలో వాడాల్సిన దానికంటే తక్కువ వాడితే ఆ గుంపుకు డబ్బివ్వాలి. పంజాబ్ 2018లో ‘పానీ బచావో పైసా కమావో’ పేరుతో మిగిల్చిన యూనిట్‌కు 4 రూపాయలు ఇచ్చింది. అక్కడ చేరిక రైతు ఇష్టం, బిల్లు ఎలాగూ లేదు. 2,400 యూనిట్ల ఎకరా వరి బదులు సగం నీటి పంట వేస్తే, అదే ధర ప్రకారం ఎకరాకు 4,800 రూపాయలు. మొక్కజొన్న కొనుగోలు కూడా ఊళ్లో ఖాయమైతే ఆ సొమ్ము పంట మార్చడానికి చాలవచ్చు. కొనుగోలు లేకుంటే చాలదు.

ఆ మీటరు రీడింగ్ కాగితం మాత్రం లైన్‌మన్ దగ్గర ఒకటి, గుంపు రైతుల దగ్గర ఒకటి ఉండాలి. రెండు సంతకాలూ లేని రీడింగును నియంత్రణ మండలి సబ్సిడీ లెక్కలోకి తీసుకోకూడదు.